నీది ఇంటరే కదమ్మా

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చేవి మూడే రకాలు. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, ఎవరి బండికి ఎవరు అడ్డం పెట్టారు, గులాబీ పువ్వు మీద శుభోదయం. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం వాటి మధ్యలో ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్ పడింది. పైన 'అర్జెంట్', కింద 'స్క్రైబ్ కావాలి', ఇంకా కింద ఒక ఫోన్ నంబరు. ఎవరో ఎవరికో పంపితే, అది చేతులు మారి మారి మా ట్యాంకర్ల గ్రూపు దాకా వచ్చింది.

స్క్రైబ్ అంటే ఏంట్రా అని మా అబ్బాయిని అడిగాను. వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "కళ్లు కనపడని పిల్లలు పరీక్షలో నోటితో జవాబు చెప్తుంటే పక్కన కూర్చుని రాసిపెట్టేవాళ్లమ్మా" అన్నాడు. మంచి పనే కదా, నువ్వెళ్లరాదూ అన్నాను. "నాకు కుదరదు. అక్కడ రాసేది డిగ్రీ అమ్మాయి. రాసిపెట్టేవాళ్లు డిగ్రీ కంటే తక్కువ చదివుండాలంట. నాది బీటెక్" అని, ఫోన్లోంచి తలెత్తకుండానే, "నువ్వెళ్లొచ్చు. నీది ఇంటరే కదమ్మా" అన్నాడు.

ఆ 'ఇంటరే'లో ఉన్న 'ఏ' నాకు కొత్తది కాదు. 1988లో మిర్యాలగూడలో సీఈసీ పాసయ్యాను, ఆ మాఘంలోనే పెళ్లయింది. అప్పట్నుంచి అత్తగారింట్లో, పిల్లల స్కూల్ అడ్మిషన్ ఫారాల్లో, బ్యాంకు కౌంటర్ దగ్గర ఆ దీర్ఘం వింటూనే ఉన్నాను. వాడు వెక్కిరించాలని అనలేదు. ఉన్నమాటే అన్నాడు. ఆ మెసేజ్‌లో ఉన్న నంబరుకి నేనే ఫోన్ చేశాను.

అప్పటి రూలు ఇదీ. 2018 ఆగస్టులో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. పక్కన కూర్చున్నవాళ్లే జవాబులు అల్లి రాసేయకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. పరీక్ష పరీక్షకీ షరతులు మారుతుంటాయి, హాల్ టికెట్‌తో పాటు ఏం చెప్పారో చదువుకోవాల్సిందే. గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. అంటే మూడు గంటల పేపర్ నాలుగు గంటలు. ఇది చూపులేని వాళ్లకే అనుకునేదాన్ని. కాదు. చేతి కండరాలు పట్టేసి రాయలేకపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, అతనికీ స్క్రైబ్ ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ నాకు తర్వాత గ్రూపుల్లో తెలిసిన సంగతులు. ఆ రోజుకి తెలిసిందల్లా నా మెమో ఎక్కడుందో వెతకాలని.

బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కింద దొరికింది. అంచులు పసుపెక్కి, మడతల దగ్గర చిరిగి ఉంది. లామినేషన్ చేయించి తీసుకెళ్లాను. పరీక్ష సెంటర్లో చీఫ్ సూపరింటెండెంట్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంటర్ చదివినట్టు ఉందమ్మా. ఆ తర్వాత ఏమీ చదవలేదని రుజువేంటి?" అన్నాడు. చదివినందుకు కాగితం ఇస్తారు గానీ చదవనందుకు ఏ ఆఫీసులో ఇస్తారు? ఆ అమ్మాయే ముందుకొచ్చి, "సార్, డిక్లరేషన్ ఫారం ఉంటది, ఆంటీ సంతకం చేస్తది. నా సదరం సర్టిఫికెట్ జిరాక్స్ వెనకాల చూడండి" అంది. ఆమెకి ఆ వాదన అలవాటైపోయినట్టుంది. గొంతు కూడా పెంచలేదు. మేం లోపలికి వెళ్లేసరికి పరీక్ష మొదలై పన్నెండు నిమిషాలు.

విడి గది. ఒక బెంచీ, ఇద్దరం, మూలన కుర్చీలో ఇన్విజిలేటర్. తెలుగు మీడియం, చరిత్ర పేపర్. ముందు ప్రశ్నలన్నీ ఒకసారి చదవమంది. చదివాను. "మూడోది మళ్లీ" అంది. చదివాను. కాసేపు రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది, వాక్యం వాక్యంగా, మధ్యలో "కామా", "పక్క పేరా", "ఇది కింద గీత గీయండి" అంటూ. పేజీ నిండగానే వేళ్లతో కాగితాన్ని తడిమేది. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తాను నేను. ఆ గుంటల్ని బట్టి ఎన్ని వరుసలయ్యాయో లెక్కేసుకునేదట. "ఆంటీ, మీ అక్షరం పెద్దది. అడిషనల్ షీట్లు ఎక్కువ పడతయ్" అని నవ్వింది.

హైదరాబాద్ సంస్థానం విలీనం గురించి ఎనిమిది మార్కుల ప్రశ్న. బాగా చెప్తోంది. రజాకార్లు, నిజాం ఫర్మానాలు, సైనిక చర్య. "1947 సెప్టెంబర్ 17న" అంది. నా పెన్ను ఆగిపోయింది.

1948 అని నాకు తెలుసు. సీఈసీ చదివినందుకు కాదు, రజాకార్ల కాలం గురించి మా తాత చెప్తుంటే విని పెరిగినందుకు. అయినా చెప్పింది చెప్పినట్టు రాయాలి, అదే కదా సంతకం పెట్టింది. రాయడానికి మళ్లీ పెన్ను ఆనించాను. ఈలోపే ఆ అమ్మాయి తల నా వైపు తిప్పి, "నలభై ఎనిమిది ఆంటీ. 1948" అంది.

నేను నోరు మెదపలేదు. మొహం ఆమెకి కనపడదు. కానీ కాగితం మీద పెన్ను గీరుకునే చప్పుడు ఆగింది. ఆ రెండు క్షణాల నిశ్శబ్దమే ఆమెకి సరిపోయింది. నేను తెలిసి చేయలేదు, అయినా చెప్పినట్టే అయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క అంకె కోసం ఇంత గొడవా అన్నాడు మా ఆయన. మార్కు సంగతి కాదు. చూపున్న పిల్లలకి పక్కన పెన్ను ఆపి సైగ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ అమ్మాయి రాసిందంతా తనదేనని రేపు గట్టిగా చెప్పుకోగలగాలి. అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ప్రతి వాక్యం చివర, తప్పైనా ఒప్పైనా, ఒకే లెక్కన చిన్న విరామం ఇస్తాను. నా విరామాల్లోంచి ఎవరికీ ఏమీ వినపడకూడదు.

ఆ పరీక్ష తర్వాత నాకు ఉత్సాహం పుట్టింది. మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఇలాంటి పనులు ఇంకా ఎక్కడ దొరుకుతాయో వెతకమన్నాను. వలంటీర్లను, సంస్థలను కలిపే వెబ్‌సైట్లు నాలుగైదు చూపించాడు. చక్కటి బొమ్మలు, చెట్లు నాటే పిల్లలు. పేరు కొట్టాం, ఊరు కొట్టాం. తర్వాత 'మీ నైపుణ్యాలు' అని ఒక జాబితా: గ్రాఫిక్ డిజైన్, డేటా విశ్లేషణ, నిధుల సేకరణ, కంటెంట్ రైటింగ్. చేత్తో తెలుగు రాయడం అనేది ఆ జాబితాలో లేదు. ఏ రోజుల్లో ఖాళీ అంటే శని, ఆదివారాలే ముందు టిక్ కొట్టి ఉన్నాయి. ఆఖర్న రెజ్యూమే జతచేయమంది. "నీకు రెజ్యూమే చేయమంటావా?" అన్నాడు మావాడు. ఏం రాస్తావురా అన్నాను. ఇద్దరం నవ్వుకుని ల్యాప్‌టాప్ మూసేశాం.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఈ సైట్లు చెడ్డవని కాదు. వాటి వల్ల ఎందరో మంచి పనులకు దారి వెతుక్కున్నారు. కానీ అవి ఎవర్ని వెతుకుతున్నాయి? ఇంగ్లిష్ వచ్చి, డిగ్రీ ఉండి, వారమంతా ఆఫీసుకెళ్లి, శనివారం ఖాళీగా ఉండే వాళ్లని. డిగ్రీ పరీక్షలేమో మంగళవారం మధ్యాహ్నం ఉంటాయి. రాసిపెట్టేవాళ్లు డిగ్రీ చేసి ఉండకూడదు. తెలుగు మీడియం పిల్లలకైతే తెలుగు గబగబా, గుండ్రంగా, ఒత్తులు తప్పకుండా రాసే చెయ్యి కావాలి. మూడూ కలిసిన మనిషి ఆ సైట్లలో ఎందుకుంటుంది? ఆమె ఈపాటికి పప్పు పొయ్యి మీద పెట్టి, తీరిక దొరికితే యూట్యూబ్‌లో ముగ్గులు చూస్తుంటుంది.

నేనిప్పుడు స్క్రైబ్‌ల వాట్సాప్ గ్రూపులు రెండింటిలో ఉన్నాను. ఇంగ్లిష్ మీడియం పేపర్ అని పెడితే సాయంత్రానికి కుదిరిపోతుంది, బీటెక్ మొదటి ఏడాది పిల్లలు ముందుకొస్తారు. 'తెలుగు మీడియం' అని పెట్టిన మెసేజ్ కింద మాత్రం రెండ్రోజులైనా ఖాళీ. ఆ పిల్లలకి మనసు లేక కాదు. మా వాడే ఉన్నాడు. ఫోన్లో తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాడు, కాగితం మీద 'విశ్వవిద్యాలయం' రాయమంటే నాలుగుసార్లు కొట్టేసి రాస్తాడు. గంటకు ఇరవై నిమిషాలు కాదు, గంటకు గంట అదనంగా ఇచ్చినా వాడి వల్ల కాదు.

ఇంకో పక్క చూడండి. 'బీ మై ఐస్' అని ఒక యాప్ ఉంది. చూపు తక్కువైన ఒక డెన్మార్క్ మనిషికి తట్టిన ఆలోచన, 2015లో మొదలైంది. చూపులేనివాళ్లు వీడియో కాల్ చేసి, ఈ డబ్బా మీద ఏం రాసుంది, ఈ చొక్కా రంగేంటి అని అడిగితే ఎక్కడో ఉన్న వలంటీర్ చూసి చెప్తారు. మంచి ఆలోచన. నేనూ చేరాను, భాష తెలుగు అని పెట్టాను. ఇన్నాళ్లలో ఒక్కసారి మోగింది. చేతులు తుడుచుకుని తీసేలోపే ఇంకెవరో అందుకున్నారు. అక్కడ చూపులేని వాళ్ల కంటే వలంటీర్లే ఎన్నో రెట్లు ఎక్కువ. వేలు కదిపితే అయిపోయే సాయానికి క్యూ కడతారు. మెట్రో ఎక్కి దిగి, నాలుగు గంటలు బెంచీ మీద కూర్చుని, వేళ్లు కొంకర్లు పోయేలా రాసే పనికి కుర్చీ ఖాళీగా ఉంటుంది. దీన్లో మనుషుల తప్పు సగమే. ఆ పని ఉందని చెప్పాల్సిన వాళ్లకి చెప్పకపోవడం మిగతా సగం.

చెప్తే ఏమవుతుందో నేను చూశాను. మా కాలనీ గుళ్లో శనివారం సత్సంగానికి వచ్చే ఆడవాళ్లలో నలుగురైదుగురు రామకోటి రాస్తారు. ఎప్పుడైనా ఆ పుస్తకాలు తెరిచి చూశారా? గళ్లు గళ్లుగా, అక్షరం చెదరకుండా, మొదటి పేజీలో ఎంత గుండ్రంగా ఉందో రెండువందలవ పేజీలో అంతే గుండ్రం. వాళ్లకి నేను ఇంగ్లిష్ మెసేజ్ పంపలేదు. ఒక నిమిషం వాయిస్ రికార్డు చేసి గ్రూపులో పెట్టాను: ఫలానా తారీఖు, ఫలానా చోట, ఒక ఆడపిల్లకి తెలుగులో రాసిపెట్టాలి, ఇంటర్ పాసై డిగ్రీ చేయనివాళ్లు కావాలి, పోనూ రానూ తోడు నేనొస్తాను. అరగంటలో ముగ్గురు ఫోన్ చేశారు. అందులో ఒకావిడ అడిగిన మొదటి ప్రశ్న, "నాది ఇంటర్ సెకండ్ క్లాసే వదినా, పర్లేదా?"

పర్లేదని చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. గొంతు పూడుకుపోయింది.

ఆ ముగ్గురిలో ఒకరు మొదటి పేపర్‌కే భయపడి మానేశారు. మిగతా ఇద్దరూ ఇప్పుడు నాకంటే బాగా రాస్తారు. ఒకావిడ ఇంకో అడుగు వేసింది. డిగ్రీ తెలుగు పాఠ్యపుస్తకంలో పాఠాలు ఒక్కొక్కటీ ఫోన్లో చదివి రికార్డు చేసి చూపులేని హాస్టల్ పిల్లల గ్రూపులో పెడుతుంది. వెనక కుక్కర్ విజిల్ కూడా రికార్డవుతుంది. పిల్లలు దాన్ని 'కుక్కర్ ఆంటీ పాఠాలు' అంటారు. చూపులేనివాళ్ల కోసం కేంద్రం 2016లో మొదలుపెట్టిన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. కానీ రేపటి పరీక్షకి కావాల్సిన నోట్సు అందులో దొరకదుగా.

ఈ గ్రూపులు నడిపేవాళ్లతో నాకొక పేచీ ఉంది, అదీ చెప్పాలి. మొదట్లో నేను చూసిన మెసేజ్‌లో ఉన్న ఫోన్ నంబరు ఆ అమ్మాయిదే. పందొమ్మిదేళ్ల పిల్ల, హాస్టల్లో ఉంటుంది, కళ్లు కనపడవు అని చెప్తూ నంబరిచ్చి ఊరంతా తిప్పారు. పరీక్ష మార్చిలో అయిపోయింది. మెసేజ్ మాత్రం జూలైలో కూడా తిరుగుతోంది, తారీఖులో సంవత్సరం లేదు మరి. పగలు ఫోన్ చేసేవాళ్లు సరే. రాత్రి పదకొండింటికి "ఏం చేస్తున్నావ్" అని అడిగేవాళ్లూ తగిలారు. ఆఖరికి ఆ అమ్మాయి సిమ్ మార్చుకుంది. కొత్త నంబరు బ్యాంకులో, కాలేజీలో, స్కాలర్‌షిప్ ఫారంలో మార్పించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగిందో, ప్రతిసారీ ఒకరు తోడు కావాలి. సాయం కోసం పెట్టిన మెసేజ్ తెచ్చిన పని ఇది.

అందుకే ఇప్పుడు మా గ్రూపులో ఒకటే పద్ధతి. పిల్లల నంబరు పెట్టం, మాలో ఒకరిది పెడతాం. పరీక్ష తేదీ సంవత్సరంతో సహా. ఏ భాష, ఏ సబ్జెక్టు, ఎంత చదివినవాళ్లు కావాలి, ఏ మెట్రో స్టేషన్ దగ్గర. కుదరగానే అదే మెసేజ్ కింద 'దొరికారు' అని పెట్టి, అసలు దాన్ని తీసేస్తాం. ఎప్పుడో ఫార్వర్డ్ అయినది ఎలాగూ మన చేతిలో ఉండదు, కానీ తారీఖు ఉంటే చూసినవాళ్లకైనా తెలుస్తుంది.

ఫొటోల సంగతి ఇంకా చెడ్డది. నాకు కుదరని ఒక పేపర్‌కి వేరే వలంటీర్ వచ్చింది. బాగానే రాసింది. బయటికొచ్చాక ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుని ఫేస్‌బుక్‌లో పెట్టింది, ఈ రోజు నా జన్మ ధన్యమైందని. ఫొటో తీస్తున్నట్టు అమ్మాయికి చెప్పలేదు. కింద కామెంట్లు హాస్టల్లో స్నేహితురాలు చదివి వినిపించింది. 'అయ్యో పాపం', 'చూస్తే కన్నీళ్లొచ్చాయి', 'దేవుడు ఇంత అన్యాయం చేశాడా'. ఆ అమ్మాయి నన్నడిగింది ఒక్కటే: "ఆంటీ, ఆ ఫొటోల నా చున్నీ సరిగ్గ ఉన్నదా?" స్నేహితురాల్ని అడిగితే ఊరికే బాగుందంటుందని నన్నడిగిందట.

చున్నీ సరిగ్గా లేదు. ఒక పక్కకి జారి ఉంది. ఆ మాటే చెప్పాను. ఫొటోని ఫేస్‌బుక్ నుంచి తీసేయించాం, అప్పటికే చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

కంప్యూటర్లొచ్చాక ఇంకా ఈ రాసిపెట్టడాలేంటని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్న. 2018 మార్గదర్శకాల్లోనే బ్రెయిలీలో రాయొచ్చు, కంప్యూటర్ మీద రాయొచ్చు, జవాబు రికార్డు కూడా చేయొచ్చు అని ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టింది కూడా చూపులేని మనిషే. మేం రాసిపెట్టే అమ్మాయిలు ఫోన్లో తెలుగు నాకంటే వేగంగా కొడతారు. కానీ నేను వెళ్లిన సెంటర్లలో ఇంతవరకు ఒక్కచోటా వాళ్ల ముందు కంప్యూటర్ పెట్టడం నేను చూడలేదు. పెట్టిన రోజున నా అవసరం తీరిపోతుంది. అప్పుడు జవాబు మధ్యలో ఎవరి పెన్నూ ఆగదు. ఆ రోజు రావాలని కోరుకుంటూనే, అందాకా బాల్‌పెన్నులు డజను చొప్పున కొంటున్నాను. జెల్ పెన్ను వద్దు, గుంట పడదు.

ఆ మొదటి అమ్మాయి డిగ్రీ పాసై ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో ఉంది. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. వాళ్ల హాస్టల్లో జూనియర్‌కి ఈ నెల ఇరవై ఆరున పొలిటికల్ సైన్స్ పేపర్, తెలుగు మీడియం, మధ్యాహ్నం రెండింటికి. నాకు ఆ రోజే మా చెల్లెలి కూతురి పెళ్లిచూపులు. రామకోటి వదినకి కంటి ఆపరేషన్, కుక్కర్ ఆంటీ ఊళ్లో లేదు. గ్రూపులో పెట్టి రాత్రికి రాత్రి చూశాను. బొటనవేలి బొమ్మలు పదకొండు వచ్చాయి, రెండు నమస్కారాలు, ఒక గులాబీ. వస్తానని ఒక్కరూ అనలేదు. పొద్దున్నే మా చెల్లెలికి ఫోన్ చేయాలి, మగపెళ్లివాళ్లని పదింటికే రమ్మనడానికి కుదురుతుందేమో కనుక్కోవాలి.